హెల్మెట్ లేనివాళ్ళకు మాత్రమే

ఈసారి కూడా ఫైరింజన్ కంటే వెనక చేరితే బెన్ని చేతిలోంచి బండి పోతుంది.

అది మామూలు బండి కాదు. ఎర్ర మోటార్‌సైకిల్. వెనక చక్రానికి చెరోపక్క నీళ్ళ ట్యాంకు, నీటిని పొగమంచులా చిమ్మే గన్ను, సైరన్, మైకు. ఇంజన్ పట్టని సందుల్లోకి దూరి, మంట ముదరకముందే ఆర్పేయడం దాని పని. నందిగామకి ట్రయల్ మీద పంపారు. నడిపేవాడు ఫైర్‌మన్ బెన్ని. ట్రయల్ ఈ సాయంత్రంతో ఆఖరు. బండి పనికిరాదని తేలితే అది సిటీకి వెనక్కి, బెన్ని మళ్ళీ ఫైరింజన్ వెనక గొట్టాలు చుట్టడానికి.

ఇప్పటిదాకా అది ఆర్పింది అగ్గిపుల్లని కూడా కాదు.

మొదటి కాల్‌కి గాంధీబొమ్మ సెంటర్లో ఇరుక్కున్నాడు. ఖాకీ బట్టలు, ఎర్ర లైటు చూసి హెల్మెట్ చెకింగ్ అనుకున్న జనం బండ్లు ఉన్నపళంగా వెనక్కి తిప్పారు. ఆ తిప్పుడులో ఒకదానికొకటి అడ్డంపడి సెంటర్ మొత్తం బిగుసుకుపోయింది. రెండో కాల్‌కి చూడామణిగారనే పెద్దావిడ పాలగిన్నెతో రోడ్డుకి అడ్డంగా నిలబడ్డారు.

"ఏ డెయిరీ నాయనా? గేదె పాలేనా?"

రెండుసార్లూ ముందు చేరింది వరప్రసాదరావు తోలే ఫైరింజనే. అప్పట్నుంచీ స్టేషన్లో ఆయన పలకరింపు మారిపోయింది.

"ఏరా పాలబ్బాయ్, వాడుకలన్నీ పోసొచ్చావా?"

"నవ్వు బాబాయ్, నవ్వు. నా రోజొస్తది."

"వస్తదిలే. నీళ్ళు కలపకుండా పొయ్యి."

బండి ఉండాలో పోవాలో తేల్చడానికి పై ఆఫీసు నుంచి ఉమాకాంతంగారు పొద్దున్నే దిగారు. "నేను ఎవరి మాటా నమ్మనయ్యా. కళ్ళారా చూడాలి" అన్నారు. జీపైతే సందుల్లోకి రాదని ఎవరిదో స్కూటీ ఎరువు తెచ్చుకుని మరీ కూర్చున్నారు.

భోజనాల వేళ ఫోన్ మోగింది. కూరగాయల మార్కెట్ వెనక సందులో కృపాజ్యోతి కర్రీ పాయింట్. గ్యాస్ సిలిండర్ అంటుకుంది. ఉమాకాంతంగారు స్కూటీ మీద ముందే బయల్దేరారు.

బెన్ని గేటు దాటేసరికి ఇంజన్ ఇంకా స్టార్ట్ కాలేదు. గాంధీబొమ్మ తప్పించి అడ్డదారి పట్టాడు. చూడామణిగారి వీధి కూడా తప్పించాడు. సందు మొదటికి చేరాడు. అక్కడ ఆగిపోయాడు.

సందు నిండా బండ్లు. బండ్ల మీద జనం. జనం చేతుల్లో ఫోన్లు. మంట మాత్రం చివర్న, ముస్తాబైన పెళ్ళికూతురిలా అందరి వీడియోల్లోనూ పడుతోంది.

"జరగండి! ఫైర్ సర్వీస్!"

"ఒక్క నిమిషం బ్రో, లైవ్‌లో ఉన్నా."

లోపల్నుంచి కృపాజ్యోతి అరుపు వినిపించింది. "పక్కనే ఇంకో నిండు సిలిండరుందిరా! ఎవరన్నా రండ్రా!"

వెనక నుంచి ఫైరింజన్ సైరన్ దగ్గరవుతోంది. అది సందులో పట్టదు. గొట్టం పరిచి నీళ్ళు వదిలేలోపు రెండో సిలిండర్ ఆగదు. సైరన్ మోగించాడు. ఒక్కడు కదల్లేదు. మంట దగ్గర సైరనంటే ఎవరికి భయం?

బెన్నికి గాంధీబొమ్మ సెంటర్ గుర్తొచ్చింది. మైకు తీశాడు.

"హెల్మెట్ చెకింగ్, స్పెషల్ డ్రైవ్! హెల్మెట్ లేని బండ్లన్నీ ఉన్నచోటే ఆపాలి. తాళాలు తీసి చేతికివ్వాలి!"

బండ్లన్నీ ఒక్కసారిగా స్టార్టయ్యాయి. కర్రీ పాయింట్‌కి ఇవతలే పక్కకి ఇంకో సందు తెరుచుకుని ఉంది. లైవ్‌లో ఉన్నవాడు ఫోన్ నోట కరుచుకుని మరీ లగెత్తాడు. చూస్తుండగానే సందు తుడిచిపెట్టినట్టు ఖాళీ అయింది.

బెన్ని బండిని కర్రీ పాయింట్ గుమ్మం దాకా దూకించాడు. గన్ను తెరిచి నిండు సిలిండర్ని ముందు తడిపాడు. నీటితెర అడ్డం పెట్టుకుని వంగి వెళ్ళి, మండుతున్న సిలిండర్ రెగ్యులేటర్ని తడి గోనెతో పట్టి తిప్పేశాడు. మంట చటుక్కున ఆరిపోయింది.

వరప్రసాదరావు భుజాన గొట్టంతో రొప్పుతూ వచ్చేసరికి కృపాజ్యోతి బెన్ని చేతిలో మజ్జిగ గ్లాసు పెడుతోంది.

"ఆర్పేశావురా?"

"పోసొచ్చా బాబాయ్."

ఆయన మొహంలో నవ్వు రాబోయి ఆగిపోయింది. "మరి ఉమాకాంతంగారేరి? కళ్ళారా చూడాలన్నారుగా?"

బెన్ని మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. సందంతా వెతికాడు. లేరు.

"స్కూటీ మీద బట్టతలాయనా?" అంది కృపాజ్యోతి. "మీ అందరికంటే ముందొచ్చి ఇక్కడే నిలబడ్డాడు తమ్ముడూ. నువ్వు మైకులో చెప్పగానే అందరికంటే ముందు పోయింది కూడా ఆయనే."

ఉన్న ఒక్క సాక్షినీ తన నోటితోనే తరిమేశాడు. బెన్ని గుమ్మంలోనే కూలబడ్డాడు.

చాలాసేపటికి స్కూటీ మెల్లగా సందులోకి వచ్చింది. ఉమాకాంతంగారి తల మీద హైవే పక్కన అమ్మే కొత్త హెల్మెట్. దాని పాలిథిన్ కవరు కూడా తీయలేదు.

"శభాష్ బెన్నీ! మొత్తం కళ్ళారా చూశా."

"ఎక్కడ నిలబడి చూశారండీ?" అంది కృపాజ్యోతి. "కీసర టోల్‌గేటు దగ్గరా?"

ఉమాకాంతంగారు వినపడనట్టు ఫోన్ తీసి పై ఆఫీసుకి చెప్పేశారు. బండి నందిగామలోనే ఉంటుంది. బెన్నే నడుపుతాడు. ఫోన్ జేబులో పెట్టుకుని బెన్ని దగ్గరికి వంగారు.

"ఆ మైకు మాత్రం పీకించెయ్యి."

"అది లేకపోతే దారెవరిస్తారు సార్?"

ఆయన హెల్మెట్ బెల్టు ఇంకాస్త బిగించుకున్నారు.

"సర్లే. ఉండనీ."