తాళం తిప్పాక పెట్టిన దండం

పాత ఇనుము బండి వచ్చేలోపు కారు స్టార్టయితే ఇంట్లో ఉంటుంది, లేకపోతే ముక్కలైపోతుంది. దర్జీ ఇల్లాలు తేల్చి చెప్పేసింది. చోక్ కేబుల్ తెగి మూలన కూర్చున్న ఆ కారుమీద ఆవిడకిక ఓపిక లేదు.

అందుకే దర్జీ, బావమరిది కలిసి నిన్న సాయంత్రం కార్బురేటర్‌కి కరెంటు చోక్ బిగించారు. చల్లటి ఇంజన్‌కి గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ అందాలి. అందుకు కార్బురేటర్ మూతిలోని రేకు మూసుకుని ఉండాలి. ఇంజన్ నడుస్తుంటే చోక్ డబ్బాలోని స్ప్రింగు కరెంటుకి వేడెక్కి ఆ రేకును మెల్లగా తెరుస్తుంది. చోక్ తీగను తాళం తిప్పితే వచ్చే కరెంటుకు కలిపారు. బావమరిది తిప్పీ తిప్పగానే ఇంజన్ గుర్రుమంది. ఆ సంబరంలో దర్జీకి సరిగ్గా నిద్రే పట్టలేదు.

తెల్లారగానే స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. తాళం సగం తిప్పాడు. ఎదురుగా మీటర్ల పక్కన ఎర్రదీపం వెలిగింది. దీపం వెలిగాక దండం పెట్టుకోకుండా ఉండడం ఆయనవల్ల కాదు. కళ్లు మూసుకుని స్తోత్రం మొత్తం చదివి, అప్పుడు పూర్తిగా తిప్పాడు. ఇంజన్ దగ్గి ఊరుకుంది.

"నిన్న పలికింది కదరా!" అన్నాడు పక్కనే నిలబడ్డ బావమరిదితో.

"నేను తిప్పితే పలికింది బావా. నీ చెయ్యి గుండీలు కుట్టడానికే!"

దర్జీ ఇంకా భక్తిగా, ఇంకా నిదానంగా చదివి మళ్లీ తిప్పాడు. ఈసారి దగ్గు కూడా లేదు. వీధిలో ఇనుము బండి హారన్ మోగింది.

ఇల్లాలు కొంగు దోపుకుని వచ్చి ఇంజన్‌లోకి తొంగిచూసింది.

"ఈ రేకు మూసుకోవాలన్నారుగా? బార్లా తెరుచుకుందేంటి?" నల్లటి చోక్ డబ్బా మీద వేలు పెట్టి చటుక్కున తీసేసింది. "అమ్మో! ఇంజనేమో చల్లగా ఉంది, ఇదేమో మీ ఇస్త్రీపెట్టెలా ఉంది. తాళం తిప్పి ఏం చేశారు?"

"దండం పెట్టుకున్నా."

"ఎంతసేపు?"

"మొత్తం చదివా."

బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. "తాళం తిప్పగానే తీగలో కరెంటే బావా! నీ స్తోత్రం అయ్యేసరికి ఇంజన్ వేడెక్కిందనుకుని చోక్ తలుపు తీసేసింది. మానెయ్ ఇంక!"

"మానను."

"మానక్కర్లేదు," అంది ఇల్లాలు. "ముందు దండం, తర్వాత తాళం. దేవుడికేమన్నా అభ్యంతరమా?"

దర్జీ ఆలోచనలో పడ్డాడు. దీపం వెలిగితేనే వింటాడని తనతో ఎవరు చెప్పారు? వెలగకముందు చెప్పుకున్నా వింటాడేమో.

తాళం తీసేశారు. ఇల్లాలు అట్టముక్కతో డబ్బాకు విసరసాగింది. ఇనుము మనిషి తాడు భుజాన వేసుకుని లోపలికొచ్చాడు. "ఆగు బాబూ, చల్లారుతోంది!" అంది ఇల్లాలు విసురుతూనే. దర్జీ స్తోత్రం చదువుతూనే ఉన్నాడు. డబ్బా చల్లబడింది. బావమరిది చెప్పగా, రేకును పట్టి ఉంచిన అడ్డు వదిలేలా యాక్సిలరేటరు ఒకసారి తొక్కి వదిలాడు. రేకు టప్పున మూసుకుంది.

"తిప్పు బావా!"

ఇంజన్ భగ్గున అందుకుంది. కిటికీ రెక్కలు అదిరాయి. దర్జీ సీట్లోనే ఉండగా మిగతా ముగ్గురూ ఇంజన్ మీదకు వంగారు. రేకు ఎవరూ ముట్టుకోకుండానే కొంచెం కొంచెంగా తెరుచుకుంటోంది. ఇనుము మనిషి కూడా నోరు తెరుచుకుని చూశాడు.

"ఇక్కడ ఇనుము లేదు బాబూ," అంది ఇల్లాలు. అని కారు తలుపు తీసి, "జరగండి, ముందు నేను తోలాలి," అంటూ మొగుణ్ణి పక్క సీట్లోకి నెట్టింది.

వాకిలికి అడ్డంగా ఉన్న బండిని తియ్యడానికి ఇనుము మనిషి పరుగెత్తాడు.