కుప్పుస్వామి వేసిన టాపు

పికప్ బండి ముందు సీటు మీద వెల్లకిలా పడుకుని కుప్పుస్వామి ఇంకో గుండుసూది పీకాడు. పీకిన సూదిని పెదవుల మధ్య పట్టుకోవడం ఆయనకు అలవాటు. నోటి నిండా సూదులున్నా మాట్లాడగలడు, పాడగలడు, ఎదుటివాడి వంశాన్నంతా తిట్టగలడు. ఒకసారి అలాగే కునుకు తీసి, లేచి చూస్తే సూది ఒక్కటి కూడా పోలేదని చెప్పేవాడు. నమ్మేవాళ్ళు నమ్మారు. మిగతావాళ్ళు ఆయన పళ్ళు లెక్కపెట్టి ఊరుకున్నారు.

బండి లోపలి కప్పుకు అంటించిన టాపు గుడ్డ నడిమధ్య ఉట్టిలా వేలాడుతోంది. దాని వెనకున్న ఫోము ఏళ్ళ తరబడి ఎండలకు పొడైపోయి, సూది ఊడినప్పుడల్లా బెల్లం పొడిలా ఆయన మొహం మీద, తెల్లటి కనుబొమల మీద రాలుతోంది. ఆయన కళ్ళు చికిలించి, ఎడమ చేత్తో గుడ్డను తడుముతూ, కుడి చేత్తో పీకుతున్నాడు. ఏ సూదీ వంకరగా లేదు. వరసగా, జానెడుకొకటి చొప్పున, ఎవరో ఓపిగ్గా గుచ్చిన సూదులు.

చిత్తూరు నుంచి కాణిపాకం పోయే రోడ్డు పక్కన, రేకుల కింద ఉంటుంది ఆయన కొట్టు. ఓ కుట్టుమిషను, రెక్సిన్ చుట్టలు, గుడ్డ అంటించే పసుపురంగు సొల్యూషన్ డబ్బాలు. అంతే. అరవై ఏడేళ్ళ మనిషి. నలభై ఏళ్ళు ఒకే వైపు వంగి కత్తిరించడం వల్ల కుడి భుజం ఎడమదానికంటే రెండంగుళాలు కిందికి దిగింది. సొల్యూషన్ ఘాటుకు ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. పెళ్ళాం పంకజాక్షి కూర మాడ్చిన రోజు కూడా బాగుందనే తినేవాడు. వాళ్ళ కాపురం అంత నిమ్మళంగా సాగడానికి అదే కారణమని వీధిలో అనుకునేవాళ్ళు.

జుట్కా దిండ్లతో మొదలుపెట్టి, సినిమా హాలు కుర్చీలు, బస్సు సీట్లు, ఆటోలు, కార్లు అన్నీ కుట్టాడు. ఈ జిల్లాలో తన కుట్టు మీద కూర్చోకుండా పెరిగిన మనిషి ఉంటే తీసుకురమ్మనేవాడు. దానికి మించిన గొప్ప ఇంకొకటి ఉంది. తన చేతి పని జారిపోయి వెనక్కి రావడమన్నది లేదట. ఆ మాట రోజుకు నాలుగుసార్లయినా అనకపోతే ఆయనకు అన్నం అరగదు.

మూడు నెలల కింద గుండె డాక్టరు, చేతులు తల పైకి ఎత్తే పని మానుకోమన్నాడు. అప్పటినుంచి పంకజాక్షి టాపు పని పట్టనివ్వలేదు. సీట్లు మాత్రమే. కానీ ఈ పొద్దున ఐరాల నుంచి మునికుమార్ బండి తెచ్చి, ఏదీ సరిగా చెప్పకుండా, తల గోక్కుంటూ నిలబడ్డాడు. టమాటాలు తోలే పిల్లవాడు. వాడి నాయన కృష్ణమూర్తి కుప్పుస్వామికి పాత స్నేహితుడు, పోయినేడు కాలం చేశాడు. ఆ మొహం చూసి కాదనలేకపోయాడు.

లైటు, ఎండ అడ్డాలు, రబ్బరు బీడింగ్ ఊడదీసి, టాపు అట్టను తలుపులోంచి ఏటవాలుగా బయటికి లాగాడు. రెండు స్టూళ్ళ మీద బోర్లించి గుడ్డ మూల పట్టుకుని లాగితే, చెమట చొక్కా విప్పినట్టు వచ్చేసింది. పొడి లేచింది. దగ్గాడు. చేత్తో అట్టను తుడిచాడు.

అట్ట నడిమధ్య నీలం సుద్దతో గీసిన గీత. గీత మొదట్లో చిన్న కొక్కెం గుర్తు. అరవంలో పిళ్ళయార్ సుళి అంటారు, వినాయకుడి పేర. ఏ పని మొదలుపెట్టినా ఆ గుర్తు వేయకుండా కుప్పుస్వామి కత్తెర పట్టడు. ఆ సుళి తోక కింద కుడి వైపుకు తిప్పడం ఆయనకొక్కడికే అలవాటు.

ఆయన నోట్లోని సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాడు.

"మునీ. ఈ టాపు యాడ ఏయించినారు?"

మునికుమార్ టీ గ్లాసు వైపు చూస్తూ అన్నాడు. "యాడేంది మామా. ఈడే."

"ఎప్పుడు?"

"నేను ఇంటర్ సదివేటప్పుడు. తిరపతి గంగజాతర దినాల్లో. పన్నెండేండ్లు అయింటాది."

"జారింది ఎప్పుడు?"

"ఆ ఎండాకాలంలోనే."

"మీ నాయన ఒక్క మాటన్నా సెప్పలేదే!"

"సెప్పొద్దన్నాడు మామా. కుప్పుసామి పని ఎనక్కి రాలేదని ఊరంతా సెప్పుకుంటాడు, నా బండితో ఎందుకు మొదులుపెట్టాల అని, మాయమ్మ దగ్గిర సూదులు తీసుకోని తానే గుచ్చుకున్నాడు. ఒగటి ఊడితే ఇంగొగటి. పొయ్యేటప్పుడు కూడా నాకు అదే సెప్పినాడు, ఆయన కాడికి తీసకపోవద్దని."

"మరి ఎందుకు తెచ్చినావు?"

"నాయన పొట్టోడు, ఆయనకు సరిపోయింది. నాకు గుడ్డ కండ్లకడ్డం పడతాండాది. ఇంగొగరి చేత ఏయిస్తే, రేపు నీకు తెలిసినప్పుడు ఇంకా బాధ గదా."

కుప్పుస్వామి అట్ట మీది ఆ సుళిని బొటనవేలితో రుద్దాడు. పోలేదు. సుద్ద నాణ్యమైనదే.

ఆ రోజు ఆయనకు ఇప్పుడు గుర్తుకొచ్చింది. సొల్యూషన్ పూశాక ఆగాలి. వేలి వెనక వైపుతో తాకితే అంటకూడదు, అప్పుడే గుడ్డ పరచాలి. ఈ పనిలో ఉన్న విద్యంతా ఆ ఆగడంలోనే ఉంది. కానీ మొక్కుకున్న మగవాళ్ళు ఆడవేషం కట్టే ఆ జాతరలో, ఆ ఏడు ఆయన కూడా కట్టాలి. పంకజాక్షి తన అక్క పట్టుచీర తెచ్చింది, సవరం తెచ్చింది, తిరుపతి బస్సుకు టైమైంది. వేలితో తాకి చూడలేదు. పచ్చిగా ఉండగానే గుడ్డ పరిచేసి, చేతులు కడుక్కోకుండా బస్సెక్కాడు. ఆ వేషంలో ఆయన ఎంత అందంగా ఉన్నాడంటే, ఒక పోలీసు దారి ఇచ్చి "పోమ్మా" అన్నాడని పదేళ్ళు చెప్పుకున్నాడు.

ఇంతవరకైతే నవ్వుకుని ఊరుకునేవాడేమో. దాని తరువాత జరిగింది ఉంది.

ఏడేళ్ళ కింద గిరిప్రసాద్ అని ఒకతను అద్దాల తలుపుల షాపు పెట్టి, ముసలాయన పని ఏడాదికి జారుతుందని నలుగురిలో అన్నాడు. కుప్పుస్వామి భుజం మీది తుండు విదిలించి, పద కాణిపాకానికి అన్నాడు. అక్కడ స్వామి ముందు తలస్నానం చేసి తడిబట్టలతో అబద్ధం చెప్పే ధైర్యం ఈ వైపు ఎవరికీ లేదు. పదిమంది బయలుదేరారు, కృష్ణమూర్తి బండిలోనే. కుప్పుస్వామి ముందు సీటెక్కబోతే కృష్ణమూర్తి చెయ్యి పట్టి ఆపాడు. "ముందర కూర్చుంటే నువ్వు ఎవురికి కనపడతావు సామీ? ఎనక నిలబడు, ఊరేగింపు మాదిరి." కుప్పుస్వామి ఉబ్బిపోయి, వెనక కమ్మీకి ఆనుకుని నిలబడి, దోవ పొడుగునా దండాలు పెట్టుకుంటూ పోయాడు. నా చేతి పని ఒక్కటీ జారలేదని స్వామి ఎదుట ప్రమాణం చేశాడు. పక్కన కృష్ణమూర్తి తలవంచుకుని నిలబడ్డాడు. భక్తి అనుకున్నాడు అప్పుడు.

మధ్యాహ్నానికి అట్ట గీకడం అయింది. కొబ్బరిపీచు బ్రష్షుతో ఒకసారి, గరుకు ఉప్పుకాగితంతో రెండుసార్లు, నడిమి గీతనూ సుళినీ మాత్రం వదిలి. చెమట చుక్కలు అట్ట మీద పడితే, తడి ఆరేదాకా ఆగి మళ్ళీ రుద్దాడు. పంకజాక్షి క్యారియర్ తెచ్చింది. సంగటి, ఊరుబిండి పచ్చడి. అట్టను చూసి గడప దగ్గరే ఆగిపోయింది.

"ఎత్తొద్దన్న సేతులు ఎత్తినావా?"

"ఎత్తలా. కిందికి దించే గదా చేస్తాండా."

"చేసినాక యాడ పెడతావు? నేల మీదనా?"

మునికుమార్ నవ్వు ఆపుకోలేక రోడ్డు వైపు తిరిగాడు. కుప్పుస్వామి నవ్వలేదు. అట్ట మీది గుర్తు చూపించి, ఉన్నదున్నట్టు చెప్పాడు. పంకజాక్షి సంగటి ముద్ద విరుస్తూ విన్నది.

"తెలిసి సెప్పినావా స్వామి కాడ?"

"లేదు."

"అయితే ఇంగేంది? దేవుడికి పనిలేక నీ గుడ్డలు తాకి సూస్తాండాడా?"

"అప్పుడు తెలీదు పంకజా. ఇప్పుడు తెలిసింది గదా. తెలిసినాక కూడా నోరు మూసుకోని కూర్చుంటే, అది అబద్ధమే."

ఆమె గాజులు వెనక్కి తోసుకుని ఆయన కంచంలో ఇంకో ముద్ద పెట్టింది. "పోయి సెప్పిరా. ఈ టాపు ఏసినాక ఈ బండిలోనే పో. ముందు తిను."

సొల్యూషన్ అట్టకు పూశాడు, కొత్త గుడ్డ ఫోముకు పూశాడు. స్టూలు మీద కూర్చున్నాడు. మునికుమార్‌కు తొందరగా ఉంది, అయిందా మామా అన్నాడు. కుప్పుస్వామి వేలి వెనకతో తాకి తల అడ్డంగా ఊపాడు. ఇంకోసారి తాకాడు. ఇంకా లేదన్నాడు. అంతసేపు ఆయన ఏ పనికీ ఆగి ఉండడు. మూడోసారి వేలు పొడిగా వచ్చింది. అప్పుడు లేచి, గుడ్డను నడిమి గీతకు ఆనించి, అరచేతితో మధ్య నుంచి అంచుకు, మళ్ళీ మధ్య నుంచి అంచుకు నొక్కుకుంటూ పోయాడు. మడత లేదు, గాలి బుడగ లేదు.

అట్టను లోపల ఎక్కించేటప్పుడు ఒక వైపు మునికుమార్, ఒక వైపు పంకజాక్షి పట్టుకున్నారు. ఆమె చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపి, సీటు మీద మోకాళ్ళు వేసి, తలతో కూడా ఆనించింది. మరలు మాత్రం కుప్పుస్వామే బిగించాడు. ఆఖరుది బిగించి దిగాక కాసేపు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. పంకజాక్షి చూసింది. దాహం అన్నాడు. చెంబెడు నీళ్ళు తాగి, మొహం కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

బండి కదిలేసరికి నాలుగు దాటింది. ఈసారి ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. కాణిపాకం రోడ్డు మలుపులో ఆపమని, గంప ముందు కూర్చున్న ఒకామె దగ్గర గరిక కట్ట తీసుకున్నాడు.

"ఏం మొక్కు పెద్దాయనా?" అందామె.

"మొక్కు గాదమ్మా. ఒగ మాట సెప్పాల్సింది ఉండాది."

గరికను డాష్‌బోర్డు మీద పెట్టి, తల సీటుకు వాల్చి పైకి చూశాడు. చెయ్యెత్తి, వేలి వెనకతో గుడ్డను ఒకసారి తాకాడు.

"ఇంగ జారదులే మామా," అన్నాడు మునికుమార్.

"వచ్చే ఎండాకాలం పోనీ. అప్పుడు సెప్పు."

తరువాత మునికుమార్ టమాటా ధర గురించి చెప్పాడు, మదనపల్లె మండీ గురించి చెప్పాడు, నాయన వాన పడితే బండికి గోనె కప్పి తాను తడిసేవాడని చెప్పాడు. ముసలాయన వింటున్నాడనుకున్నాడు. గుడి ముందరి ఆర్చి కనపడ్డాక వేగం తగ్గించి, "మామా, వచ్చినాం" అన్నాడు. కుప్పుస్వామి పైకే చూస్తున్నాడు. చెయ్యి ఒళ్ళోకి దిగి ఉంది. కళ్ళల్లో సాయంకాలపు ఎండ పడుతున్నా రెప్ప వేయలేదు.

బండి అక్కడే తిప్పుకుని చిత్తూరు పెద్దాసుపత్రికి పరుగెత్తించాడు మునికుమార్. దోవలోనే ప్రాణం పోయిందన్నాడు డాక్టరు.

ప్రమాణం తప్పితే స్వామి ఊరుకుంటాడా అని నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. ఎక్కువగా అనాల్సిన గిరిప్రసాద్ మాత్రం ఏమీ అనకుండా పూలమాల తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళాడు. పంకజాక్షి అందరి మాటా విన్నది. "సెప్పడానికే గదా పోతా ఉన్నాడు," అన్నది. "వాకిలి దాకా పోయినోడు సెప్పినట్టే లెక్క." ఆ పైన ఎవరూ ఆమె ముందు ఆ ఊసు ఎత్తలేదు.

మునికుమార్ టమాటా లోడుతో ఆ గుడి ముందు నుంచి వారానికి రెండుసార్లు పోతాడు. ఆగుదామనుకుంటాడు. లోపలికి పోయి ఆ గరికను ఏమని చెప్పి ఇవ్వాలో, ఎవరి పేర ఇవ్వాలో తెలియక ముందుకు పోతాడు. పారేయడానికీ చెయ్యి రాదు. అరటినారతో కట్టిన ఆ గరిక కట్ట ఎండి, గడ్డిరంగుకు తిరిగి, బండి మలుపు తిరిగినప్పుడల్లా డాష్‌బోర్డు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా జరుగుతూ ఉంటుంది.