ఇదా, అదా?

ఆదివారం వస్తే బావ వస్తాడు. బావ వస్తే ఆయన మెడలో హెడ్‌ఫోన్లు వస్తాయి. కాడి మోసే ఎద్దుకైనా సాయంత్రానికి విడుదల ఉంటుంది గానీ ఆ మెడకు లేదు. అన్నం తినేటప్పుడు కూడా తీయడు. ఆయన అద్దాలాయన భార్యకు సొంత అన్న. లిఫ్టులు బాగుచేసే పని. ఆరో అంతస్తులో లిఫ్టు కదిలితే కింద నిలబడి ఏ బేరింగు అరిగిందో చెప్పేస్తాడు. అందుకే ఆ చెవులంటే ఇంటిల్లిపాదికీ గౌరవం. చిక్కంతా అక్కడే వచ్చింది.

అద్దాలాయనకు కింద కళ్లద్దాల దుకాణం, పైన ఇల్లు. దేవుడికి దండం పెట్టుకోనిదే షట్టరు ఎత్తే మనిషి కాదు. ఒక్కతే కూతురు. మనిషి పిడికెడు, గొంతు ఇంటెడు అని చిన్నప్పట్నుంచీ పిచ్చుక అనే పిలుస్తారు. ఆ ఊళ్లోని పెద్ద పాటల బృందం ఈసారి కొత్త గొంతుల్ని తీసుకుంటోంది. ఆదివారం సాయంత్రం ఆరు లోపల ఒక పాట రికార్డు చేసి పంపాలి. ఇది తప్పితే మళ్లీ మూడేళ్లకు గానీ పిలవరు. పిచ్చుక నెల రోజులు సాధన చేసింది. కొత్త ఫోను పెట్టెలో ఫోనుతోపాటు వచ్చిన ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని, వాటి తీగకున్న బుల్లి మైకులోకి పాడి రికార్డు చేసింది. పంపేముందు ఒక్కసారి మావయ్యకు వినిపిద్దామనుకుంది.

"ఇవేమిటే, చెవుల్లో పెట్టుకునేవా, చెవులు మూసుకునేవా?" అన్నాడు బావ, ఆ తీగను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని.

"ఫోనుతో ఊరికే వచ్చాయి మావయ్యా."

"ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారట. ఏ ఫార్మాటు?"

"ఎంపీత్రీ."

"బిట్‌రేటు?"

"నూట ఇరవై ఎనిమిది."

వంటింట్లోంచి పిచ్చుక తల్లి తొంగిచూసింది. "కిలోనా అన్నయ్యా?"

"కిలోబిట్లు."

"అయితే చవకే."

"చవకే మరి. పాట కూడా చవగ్గానే ఉంది," అన్నాడు బావ.

అని ఊరుకుంటే బావ ఎందుకవుతాడు? ఎంపీత్రీ అంటే ఏమిటో వివరించాడు. చెవికి ఎలాగూ ఆనవని కొన్ని శబ్దాల్ని లోపలే తీసిపారేస్తారట. పెట్టెలో పట్టడం లేదని చొక్కా చేతులు కత్తిరించి సర్దినట్టట. లాస్‌లెస్ అని ఇంకోటుంది, అందులో గుండీ కూడా ఊడదట. చివరికి పాట మొత్తం విని, డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంది అన్నాడు. ఏ మైకులో పాడినా పర్వాలేదు గానీ ఈ మైకులో మాత్రం కాదన్నాడు.

పిచ్చుక తీగను వేళ్లకు చుట్టుకుంటూ తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. మూడున్నరకు తల్లి తలుపు కొడితే లోపల్నుంచి, "నేను పంపట్లేదమ్మా. నాకు తలనొప్పి," అని వినపడింది.

ఇల్లాలు మొగుడి దగ్గరికి వచ్చింది. "మా అన్నయ్యను ఒక్క మాట కూడా అనకండి. కానీ ఏదో ఒకటి చేయండి."

"అనకుండా ఏం చేయను?"

"అదే నేనూ అడుగుతున్నా."

అద్దాలాయన ఆలోచించాడు. బావతో వాదించి గెలిచినవాడు ఇంతవరకూ లేడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. అయినా ఇరవై రెండేళ్లుగా అద్దాలాయన చేస్తున్న పని వాదన కాదు, ప్రశ్న. కుర్చీలో కూర్చున్నవాళ్ల ముక్కు మీద ఇనప ఫ్రేము పెట్టి, ఒక అద్దం తీసి ఇంకో అద్దం దూర్చి, "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడగడం. మనిషి నిజంగా చూసి చెబుతున్నాడో, మొహమాటానికి చెబుతున్నాడో తెలుసుకోవడానికి అప్పుడప్పుడూ తీసిన అద్దాన్నే మళ్లీ పెడతాడు. చాలామంది కళ్లు చికిలించి, "రెండోదే నయమండీ," అంటారు. అది పనిలో భాగమే. కానీ ఇంటి మనిషి మీద చేస్తే మోసమవుతుందా? పటం వైపు చూశాడు. పటంలోని దేవుడు ఎప్పటిలాగే చిరునవ్వుతో ఉన్నాడు గానీ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. సరే, నోటితో అబద్ధం ఆడకూడదు, అడగడమొక్కటే చేయాలి అని తనకు తానే హద్దు గీసుకున్నాడు.

కూతురి గది తలుపు జానెడు తెరిపించి ఫోను అడిగి తీసుకున్నాడు. హాల్లోకి వచ్చి, "బావా, కిందికి వస్తావా? నీ చెవులతో పనుంది. పాట సంగతే," అన్నాడు.

బావ ముఖం వెలిగింది. "గాడిదకేం తెలుసు గంధపు వాసన అని ఇన్నాళ్లూ నిన్ను అనుకున్నా. మొత్తానికి దారికొచ్చావు బావా."

దుకాణంలో పరీక్ష కుర్చీ మీద బావను కూర్చోబెట్టాడు. ముక్కు మీద ఫ్రేము పెట్టి, రెండు కళ్లకూ నల్లబిళ్లలు దూర్చాడు. ఇక ఆయనకు చీకటే.

"ఇదెందుకు?"

"చెవి మీదే ధ్యాస ఉంటుందని."

"బాగుంది. ఇది నాకు తట్టలేదు సుమా."

బావ మెడలోని హెడ్‌ఫోన్ల తీగను ఫోనుకు తగిలించి పాట పెట్టాడు. బావ తల విదిలిస్తూ విన్నాడు. "అదే కదా, పొద్దున విన్నదే. పై స్థాయిలో గరగర. గొంతు వెనక ఏమీ లేదు, గోడకు అతికించినట్టుంది. తీసెయ్."

అద్దాలాయన తీగ ఊడదీశాడు. లెన్సుల పెట్టెలోంచి రెండు అద్దాలు తీసి టకటకమని కొట్టాడు. సొరుగు లాగి మూశాడు. మళ్లీ అదే తీగను, అదే ఫోనుకు, అదే రంధ్రంలో పెట్టాడు.

"ఇప్పుడు రెండోది," అన్నాడు. రెండోది అంటే రెండోసారి పెట్టింది. ఆ మాటలో తప్పేమీ లేదని గట్టిగా అనుకున్నాడు. ఎందుకైనా మంచిదని లోలోపల క్షమాపణ కూడా చెప్పుకున్నాడు.

అప్పటికే మెట్ల దగ్గర కర్టెన్ కదిలింది. తల్లీ కూతుళ్లిద్దరూ అక్కడ నిలబడి ఉన్నారు.

బావ ఈసారి తల విదిలించలేదు. కుర్చీ చేతుల మీద వేళ్లు ఆడటం ఆగిపోయింది. చరణం దాకా వచ్చేసరికి గడ్డం కాస్త పైకి లేచింది. పాట అయిపోయాక కూడా దాన్ని దించలేదు.

"ఏది బాగుంది బావా? ఇదా, అదా?"

"అడగాలా? దీనికీ దానికీ పోలికేమిటి? ఇందులో ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది. గొంతు ఎదురుగా నిలబడ్డట్టుంది. లాస్‌లెస్సే కదా? మైకు ఎవరిది? ఇలా పాడితే ఎందుకు తీసుకోరయ్యా పిల్లని?"

కర్టెన్ వెనక పిచ్చుక నోరు మూసుకుంది. తల్లి మాత్రం మూసుకోలేకపోయింది. "అన్నయ్యా, కిలో ఎంతన్నావు?"

అద్దాలాయన మెల్లిగా నల్లబిళ్లలు తీశాడు. బావ రెప్పలు ఆడిస్తూ మేనకోడల్ని చూశాడు, చెల్లెల్ని చూశాడు, ఫోనును చూశాడు.

"రెండూ ఒకటే మావయ్యా," అంది పిచ్చుక.

"నాకు అనుమానం వచ్చింది," అన్నాడు బావ.

"ఎప్పుడు?"

"ఇప్పుడే." బావ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మెడ మీద ఎర్రటి గుర్తు పడి ఉంది. "నీ మొగుడు ఇలా ఎందరికి అద్దాలు అంటగట్టాడో ఏమిటో," అని చెల్లెలితో అన్నాడు గానీ మాటలో పదును లేదు.

"అందరికీ కాదులే," అన్నాడు అద్దాలాయన.

"సరే మావయ్యా, అసలు పాట ఎలా ఉంది?" అంది పిచ్చుక. నవ్వడం మానేసి అడిగింది.

బావ గోడ మీది అక్షరాల చార్టు వైపు చూశాడు. "తెలీదే. మొదటిసారి నీ తీగల్ని విన్నా. రెండోసారి లేని మైకును విన్నా. ఒట్టు, నిన్ను వినలేదు."

పిచ్చుక తండ్రి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు నాన్నా."

అద్దాలాయనకు అప్పుడు తట్టింది. ఉపాయం పారుతుందా లేదా అన్న ఆత్రంలో తాను ఆ పాటను ఒక్కసారి కూడా పూర్తిగా వినలేదు. ఇందాక నవ్వుకున్న నవ్వంతా తన మీదికే తిరిగి వచ్చినట్టయింది. ఊరికే వచ్చిన ఆ ఇయర్‌ఫోన్లు అడిగి తీసుకుని, చెవుల్లో పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. గోడ గడియారం అయిదు దాటి పావుగంట చూపిస్తోంది. విన్నాక నెమ్మదిగా అన్నాడు, "బాగుందమ్మా. చరణంలో ఒక్కచోట శ్రుతి కిందికి జారింది."

చెప్పాక భయమేసింది. పిచ్చుక మాత్రం తలూపింది. "తెలుసు నాన్నా. అందుకే మావయ్య గులకరాళ్లంటే, నిజంగా నా గొంతు గురించే అనుకున్నా. ఇంకోసారి పాడతా. టైముంది."

ఆ తర్వాత అరగంట బావ బావలా లేడు. ఫ్యాన్ ఆపించాడు. ఆ ట్యూబులైటు గుయ్యిమంటోందని దాన్నీ ఆపించాడు. మిగతావాళ్లకు ఆ గుయ్యి వినపడనే లేదు. మైకు గడ్డానికి తగలకుండా బుల్లి క్లిప్పుతో పిచ్చుక కాలరుకు తగిలించాడు. వీధి తలుపు దగ్గర నిలబడి, బండి శబ్దం దూరమయ్యేదాకా చేయి ఎత్తి ఉంచి, దించాడు. అద్దాలాయన దుకాణంలో ఓ మూల ఊపిరి కూడా బిగబట్టి కూర్చున్నాడు. ఇల్లాలికి తుమ్ము రాబోయి, కొంగు అడ్డం పెట్టుకుని మెట్ల మీదికి పరిగెత్తింది.

పాట అయిపోయింది. ఆరుకు ఎనిమిది నిమిషాలు. మగవాళ్లిద్దరూ పోటీపడి నోళ్లు తెరిచారు.

పిచ్చుక వాళ్లకు వినిపించలేదు. ఎలా ఉందనీ అడగలేదు. చీకట్లో ఫోను వెలుగు ముఖాన పడుతుండగా ఒక్క వేలితో పంపేసి, కాలరు నుంచి తీగ విప్పుకుంటూ, "అమ్మా, ఆకలేస్తోంది," అని మెట్లెక్కింది.