వంటింటి కప్పు కింద

"దీపం కిందికి జారిందంటే నేనొప్పుకోను," అన్నాను. "పెళ్లయినప్పటి నుంచీ అక్కడే వేలాడుతోంది."

"నా చేతులూ అప్పటి నుంచీ ఇంతే పొడుగు," అన్నాడు గ్రెగర్, గోల్ఫ్ కర్ర వీపు వెనక దాచుకుంటూ. గాజు బుడ్డి తివాచీ మీద రెండు ముక్కలై పడి ఉంది.

అత్తయ్య అల్లికలోంచి తలెత్తలేదు. "దీపాన్నెందుకురా అంటావు? పాపం, తప్పుకోవడానికి దానికి కాళ్లా?"

శనివారం పొద్దున గ్రెగర్ మా ఊరి గోల్ఫ్ క్లబ్బుకు కొత్త కెప్టెన్ అవుతాడు. ఆ రోజు ఊరంతా చూస్తుండగా ఆట మొదలుపెట్టే మెట్ట మీద నిలబడి ఒకే ఒక్క బంతి కొట్టాలి. సరిగ్గా తగలకపోయినా మళ్లీ కొట్టనివ్వరు. ఆ బంతి తెచ్చిన వాళ్లకు కెప్టెన్ బహుమతి ఇస్తాడు కనక పిల్లలు ముందే మైదానంలో కాచుకుంటారు. ఆయన సత్తా మీద వాళ్లకెంత నమ్మకముందో వాళ్లు నిలబడ్డ చోటే చెబుతుంది. బాగా దగ్గరగా నిలబడ్డారంటే పరువు పోయినట్టే. కిందటి కెప్టెన్ బంతి పక్కకు వంగి వాగులో పడింది. పదవి దిగిపోయినా ఆయన ఇప్పటికీ మాకు వాగు దొరే.

తనకూ అలాంటి పేరు పడుతుందేమోనని గ్రెగర్ బెంగ. అందుకే కర్రను వీపు దాకా తెచ్చి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఊపుతాడు. పెరట్లో కొట్టిన ప్లాస్టిక్ బంతులన్నీ కుడికి వంగి పక్కింటి క్యాబేజీ మడిలో పడ్డాయి. వాన పట్టుకుంటే ముందుగదిలోకి వచ్చాడు. దీపం పగిలాక వంటింట్లోకి వచ్చాడు.

మా వంటింటి కప్పు మరీ కిందికి ఉంటుంది. దూలాల దగ్గర గ్రెగర్ తల వంచే నడుస్తాడు. నేను బంగాళాదుంపల చెక్కు తీస్తూ చూస్తున్నాను. కర్ర భుజం దాకా లేచి ఆగుతోంది. దిగేటప్పుడు నేల పలకల మధ్య గీత వెంబడే పోతోంది. పెరట్లో అలా పోగా నేనెప్పుడూ చూడలేదు.

సీసా బిరడా ఒకటి ఆ గీత మీద పెట్టాను. "కొట్టు."

బిరడా తిన్నగా వెళ్లి పెరటి తలుపుకు తగిలింది. ఇంకోటి పెట్టాను. అదీ అక్కడే తగిలింది.

"ఇక్కడ బాగా వస్తోందే!" అన్నాడు.

"ఇక్కడ గొప్పలకు చోటు లేదుగా."

"ఇంత చిన్న ఊపుతో బంతి ఎంత దూరం పోతుంది? పిల్లలు నా ముక్కు కిందే నిలబడతారు."

"తిన్నగా పోతుంది."

గ్రెగర్ బిరడాలు ఏరుకొచ్చి మళ్లీ గీత మీద పెట్టుకున్నాడు. కీమా ఉడికేదాకా తలుపు టక్కుటక్కుమంటూనే ఉంది.

భోజనాల దగ్గర మా అమ్మాయి ఇష్‌బెల్ అంది, "నాన్నా, శనివారం ఎక్కడ నిలబడాలని మా క్లాసు వాళ్లు అడుగుతున్నారు. వాగు అవతలైతే బురదట."

"ఈత వచ్చినవాళ్లని పంపమను," అంది అత్తయ్య.

అందరికంటే ముందు గ్రెగరే నవ్వాడు. రెండోసారి బంగాళాదుంపలు వడ్డించుకుని, గిన్నె నాకు అందించి, అమ్మాయి వైపు తిరిగాడు.

"వాగుకు ఇవతలే నిలబడమను. దగ్గరగానే. శనివారం నా నెత్తి మీద మన వంటింటి కప్పు ఉన్నట్టే కొడతాను."