మైకులో ఉద్యోగి

దాచేపల్లికి ఇవతల మా యూనివర్సిటీ వాళ్ళ రాళ్ళ పరీక్షా కేంద్రంలో నేను జీపు డ్రైవర్ని. మా బావ బాలకోటయ్య అక్కడే రేకుల షెడ్డులో రాళ్ళు కొట్టేవాడు. చుట్టుపక్కల క్వారీల నుంచి వచ్చిన పలుగురాళ్ళను సుత్తితో పగలగొట్టి, ఇనప రోట్లో వేసి, పిండిలా దంచి, సంచుల్లో కట్టి ఇవ్వాలి. నేను పర్మినెంటు. ఆయన ఎన్నెమ్మార్, అంటే రోజుకూలీ. వస్తే డబ్బు, రాకపోతే లేదు. ఒళ్ళు కాలిపోతున్నా, మా అక్క దుర్గమ్మ నొప్పులు పడుతున్నా ఆయన షెడ్డులోనే ఉన్నాడు.

ఎనభై ఆరులో యూనివర్సిటీకి ఉద్యోగుల ఆరోగ్యం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. పొద్దున్నే వ్యాయామం చేయించి, డాక్టర్ని పిలిచి బీపీ చూపించి, జబ్బు సెలవులు తగ్గించిన కేంద్రానికి షీల్డు ఇస్తామన్నారు. మా డైరెక్టరు గోపాలరావుగారు గట్టివాడు. గుమాస్తాలకు ఎప్పుడూ ఏదో ఒక నొప్పి ఉండనే ఉంటుంది. అందుకని అసలు సెలవన్నదే లేని రోజుకూలీలను కూడా ఉద్యోగుల లెక్కలో కలిపేశాడు. ఇంకేముంది, షీల్డు మాకే వచ్చింది.

అప్పటికే బావకి దగ్గు ముదిరింది.

“ఒరేయ్ అంకారావూ, మీ బావని గుంటూరు పెద్దాసుపత్రికి తీసకపోరా. తువ్వాల్లో నెత్తురు పడతంది,” అంది అక్క.

నేను వెళ్ళి అడిగితే బావ చెయ్యి అడ్డంగా ఊపాడు.

“ఇప్పుడొద్దురా. ఈ ఏడు కొందర్ని పర్మినెంటు చేస్తారంట. అందుకు డాక్టరు ఫిట్టని రాయాల. రొమ్ముజబ్బని తెలిస్తే నా పేరు కొట్టేస్తారు. ఎవురికీ చెప్పమాక.”

చెప్పలేదు. పర్మినెంటు అనే మాటకి మా ఇళ్ళల్లో ఉన్న బలం మీకు తెలియంది కాదు.

సభ రోజున షీల్డు ఎవరు అందుకోవాలన్న ప్రశ్న వచ్చింది. డైరెక్టరుగారు బావని వేదిక ఎక్కించారు. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా జబ్బు సెలవు పెట్టని ఉద్యోగి మా బాలకోటయ్య అని మైకులో చెప్పారు. నా తెల్లచొక్కా వేసుకుని బావ షీల్డు పట్టుకున్నాడు. దగ్గు బిగబట్టుకున్నాడేమో, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. సంతోషం పట్టలేకపోయాడని ముందు వరసలో వాళ్ళు తెగ చప్పట్లు కొట్టారు. అక్క మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది.

“ఉద్యోగి అన్నారు, ఇన్నావంట్రా? మైకులో అన్నారు,” అన్నాడు బావ తిరిగొస్తూ. అంత ఆశ ఆ ముఖంలో చూడటం నాకు భరించరానిదైంది.

నెల తిరక్కుండానే ఆయన సుత్తి ఎత్తలేకపోయాడు. ఇక దాచేదేముందని నేను డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళి, ఆసుపత్రికి ఉత్తరం, జీపు ఇప్పించమని అడిగాను.

“ఉచిత వైద్యం ఉద్యోగులకే కదయ్యా. అతను రోజుకూలీ.”

“మొన్న మైకులో తమరే ఉద్యోగి అన్నారు గదండీ.”

ఆయనకి కోపం కూడా రాలేదు. “అది సభ అంకారావ్. ఇది ఆఫీసు,” అన్నారు.

ఆ పీక నొక్కేద్దామనిపించింది. కానీ జీపు తాళం ఆయనది, ఉద్యోగం నాది. నమస్కారం పెట్టి బయటికొచ్చాను.

బస్సులోనే బావని నా భుజానికి ఆనించుకుని గుంటూరు తీసుకెళ్ళాను. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పేరుకుపోయింది, చేయగలిగింది ఏమీ లేదన్నాడు డాక్టరు. బావ మంచం మీద నుంచి ఆయన కోటు కొస పట్టుకున్నాడు.

“అయ్యా, ఫిట్టని ఒక్క ముక్క రాయరా?”

ఉగాది రాకముందే పోయాడు.

పర్మినెంటు కాదు కాబట్టి అక్కకి ఆయన ఉద్యోగం అడిగే హక్కు లేదు. అయినా డైరెక్టరుగారు దయతలిచి, అదే రోజుకూలీకి అదే షెడ్డులో పనికి రమ్మన్నారు.

“వద్దక్కా. ఆ దుమ్మే గదా బావని తినింది,” అని బతిమాలాను.

“నా పిల్లలకి నువ్వెన్నాళ్ళు పెడతావురా? నీకు మాత్రం పిల్లల్లేరా?” అంది. మర్నాడే షెడ్డులో చేరింది.

మరుసటి ఏడూ షీల్డు మాకే వచ్చింది. ఉద్యోగుల్లో ఎవరూ జబ్బు పడలేదు, ఎవరూ పోలేదు. బావని ఆ లెక్కలోంచి ఎప్పుడో తీసేశారు.

సభలో ముఖ్య అతిథి మాట్లాడుతుంటే షెడ్డులోంచి సుత్తి చప్పుడు వినిపిస్తోంది. డైరెక్టరుగారు నన్ను సైగ చేసి పిలిచి, ఉపన్యాసాలయ్యేదాకా ఆపమని చెప్పి రమ్మన్నారు. వెళ్ళాను. అక్క తల నుంచి కాళ్ళదాకా తెల్లగా ఉంది.

“ఆపమన్నారక్కా. సభకి ఇనపడతందంట.”

ఆమె సుత్తి కింద పెట్టింది. చప్పుడు ఆగగానే దగ్గు వచ్చింది. అదీ వినపడుతుందేమోనని కొంగు నోట్లో కుక్కుకుంది.