కాయని తీగ

నితాయ్ ఇల్లరికం వచ్చి రెండేళ్ళయినా మామగారు భువన్ మండల్ అతన్ని మనిషి కింద జమకట్టలేదు. రోజూ చేపల పులుసు కలుపుకుంటూ, ఎటో చూస్తూ ఒకే మాట విసిరేవాడు: "కాయని తీగ పందిరికి బరువు." పిల్లలు పుట్టలేదనీ అదే మాట, సేద్యం రాదనీ అదే మాట. నితాయ్ సగం తిని లేచేవాడు. కలకత్తాలో పెరిగినవాడు, దొండకాయకు పెద్దన్నలాంటి పటోల్ అతనికి కూరలోనే తెలుసు, తోటలో తెలియదు.

మామగారు పెళ్ళికని ఊరెళ్ళగానే, తానేమిటో చూపించడానికి ఇదే అదను అనుకున్నాడు. పటోల్ పందిరంతా గాలించి, పూలే తప్ప ఒక్క పిందె కూడా లేని తీగలన్నీ ఏరి ఏరి పీకి గట్టున పడేశాడు. పందిరి తేలికపడింది. తనూ తేలికపడ్డాడు, పాపం.

తిరిగొచ్చిన భువన్ ఆ కుప్ప చూసి గట్టు మీదే కూలబడ్డాడు. అవన్నీ మగ తీగలు. తెల్లవారకముందే వాటి పూలు కోసి, ఆడ పూలకు ఒక్కొక్కదానికీ తాకిస్తేనే పటోల్ కాస్తుంది. అప్పటికే పిందెలు పసుపుబారి రాలుతున్నాయి.

"నీ సంచి సర్దుకో," అన్నాడు అల్లుడితో.

కూతురు శేఫాలి వంటింట్లోంచే అంది: "కాయని తీగ బరువని రోజూ నూరిపోసింది నువ్వే కదా నాన్నా. నీ మాట విన్నవాడు ఇంట్లో ఆయనొక్కడే."

భువన్‌కి ఇప్పుడు మగ పూలు కావాలి. కాలవ నీళ్ళ తగువుతో ఏనాడో మాటలు మానేసిన పక్క తోట కుర్బాన్ షేక్ దగ్గరికి, మర్నాడు చీకటితోనే, అల్లుణ్ణి వెంటేసుకుని వెళ్ళక తప్పలేదు. కుర్బాన్ బుట్టనిండా మగ పూలు కోసిస్తూ అడిగాడు: "మీ ఇంట్లో మగాళ్ళకి కరువొచ్చిందా అన్నా?" ఆ తర్వాత ప్రతి తెల్లవారుజామునా అదే అడిగాడు, పూలు మాత్రం ఏ రోజూ తక్కువ చెయ్యలేదు.

ఇన్నేళ్ళూ అల్లుడు లేవకముందే పందిరి కింద వంగిన భువన్ నడుము ఈసారి మొరాయించింది. అందుకని పూలు తాకించే పని నితాయ్ మీదే పడింది. అతని వేళ్ళు మెత్తన, పువ్వు నలగకుండా తాకించేవాడు. పిందెలు నిలిచాయి. సంచి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మళ్ళీ తీగలు నాటే అదను వచ్చింది. ఏది మగదో, ఏది ఆడదో భువన్ దగ్గరుండి చూపించాడు. నితాయ్ పేడ ఎరువు తట్టతో మగ తీగ ముందు ఆగి, వెటకారం లేకుండానే అడిగాడు: "మావయ్యా, కాయని వీటికి కూడా వెయ్యాలా?"

భువన్ కాలితో ఆ తీగ మొదట్లో మట్టి కదిపాడు.

"ముందు వాటికే వెయ్యి," అన్నాడు.