ఎర్త్ పట్టీ

గంగాకిషన్‌లో ఒక సుగుణం ఉంది. మెకానిక్ అయ్యుండి తెల్ల చొక్కా తొడుగుతాడు. అది షోకు కాదని, గిరాకీ మీద గౌరవమని ఆయన నమ్మకం. డాక్టరు తెల్లకోటు వేసుకుంటే ఎవరూ నవ్వరు గదా. చొక్కా మాయకూడదు కాబట్టి బండి రోగాన్ని చెవితోనే పట్టాలి. బారెడు దూరంలో నిలబడి, తల పక్కకు వంచి, కళ్లు మూసుకుని వింటాడు. సగంసార్లు తప్పే చెబుతాడు. ఆ తప్పులు ఆర్మూర్ జనానికి గుర్తున్నంత బాగా ఆయనకు గుర్తుండవు.

పెట్రోలు ధర మండిపోయిన ఏడాది, పసుపు సీజన్లో, ముత్తెన్న అంబాసిడర్‌కు గంగాకిషన్ పాత పెట్రోలు ఇంజన్ దించి డీజిల్ ఇంజన్ ఎక్కించాడు. ముత్తెన్న కిరాయి కారు నడుపుతాడు. ఆయన భార్య నీలవ్వ కడుపులో క్యాన్సర్ గడ్డ. హైదరాబాద్ పెద్ద దవాఖానాలో ఒక విడత కరెంటు పెట్టించుకొని వచ్చింది. ఒళ్లు కాలింది, గంజి కూడా నిలవడం లేదు. ఇంకో విడత పెడితే చూద్దామన్నారు డాక్టర్లు. గ్యారంటీ మాత్రం ఇవ్వలేదు. ఆమెను దవాఖానాకు తిప్పడానికే ముత్తెన్న ఇంజన్ మార్పించాడు. బస్సులో కూర్చునే బలం నీలవ్వకు లేదు. వేరేవాళ్ల కారు ఎక్కనని మొండికేసింది. "పోతె మన బండ్లనే పోత. లేకుంటె పోను."

ఇంజన్ ఎక్కింది. బండి మాత్రం లేవలేదు.

తాళంచెవి తిప్పితే బానెట్ కింద 'ఠక్' అని ఒక్క చప్పుడు. అదే క్షణంలో షెడ్డు మూలన, టైర్ల మీద పడేసిన పాత ఇంజన్ ఒళ్లు విదిల్చుకుని నడవడం మొదలుపెట్టేది. దానికి పెట్రోలు లేదు, బ్యాటరీ లేదు. చెవి వెనక్కి తిప్పితే ఆగిపోయేది.

"ఇన్నేండ్లు గా చెవికే లేసింది. అలవాటు యాడికి పోతది?" అని చాయ్ గ్లాసులు పెట్టి వెళ్లిపోయాడు హోటల్ భోజన్న. బాల్కొండ నుంచి పసుపు తెచ్చిన రైతులు కాసేపు చూసి, యార్డులో ధర ఎట్లుందని అడిగారు.

ప్రయాణానికి సిద్ధమని నీలవ్వ మంచాన్ని షెడ్డులోకే తెచ్చారు. ఆ ఇంజన్ పక్కనే వేశారు. అది నడుస్తుంటే ఆమె మూలుగు ఆగేది. ఆగితే మళ్లీ మొదలయ్యేది.

గంగాకిషన్ తల వంచి విన్నాడు. "ఇంజన్‌ను వేడి చేసే హీటర్లు పోయినయ్" అన్నాడు. మార్చాడు. ఠక్. డీజిల్ లైన్లో గాలి పట్టిందన్నాడు. తీశాడు. ఠక్. లారీ బ్యాటరీ తెచ్చి తగిలించాడు. ఠక్. సెల్ఫు మోటారు విప్పి కింద పెట్టి చూస్తే బొంగరంలా తిరిగింది. మళ్లీ బిగిస్తే ఠక్.

"బండిని ఇడిసిపెట్టు, ముందుగాల నీ చెవుల గుబిలి తీపిచ్చుకో!" అని అరిచాడు ముత్తెన్న. కళ్లలో నీళ్లున్నాయి.

"ఇంకోపారి తిప్పుండ్రి" అంది నీలవ్వ మంచంలోంచి.

మర్నాడు ముత్తెన్న వేరే మెకానిక్ ఎవరైనా దొరుకుతాడేమోనని మాక్లూర్ దాకా పోయాడు. చూసేవాళ్లు లేరు కదా అని గంగాకిషన్ తాళంచెవి రెండు మూడుసార్లు తిప్పి, చొక్కా చేతులు మడిచి బానెట్‌లో చెయ్యి పెట్టాడు. యాక్సిలేటర్ వైరు చుర్రుమని కాల్చింది.

అప్పుడు వెలిగింది. ఇంజన్‌లోకి పోయిన కరెంటు తిరిగి రావడానికి లావు దారి లేక, ఆ సన్నటి వైరు పట్టుకుని వస్తోంది. ఇంజన్‌ను బాడీకి కలిపే రాగి పట్టీ, ఎర్త్ పట్టీ, తాను బిగించనేలేదు. అది పాత ఇంజన్‌కే వేలాడుతోంది, నీలవ్వ మంచం వైపే.

"వదినె, గిది నీ కండ్ల ముంగటనే ఉన్నది గదా?"

"మొన్నటి సంది సూస్తున్న. కారు నడిపెటోని పెండ్లాన్ని, గది దేనికో నాకు తెల్వదా?"

"మరి చెప్పకపోతివి?"

"చెప్తె తీస్కపోతరు. మల్ల కాలుస్తరు."

"పోనని అన్నకే చెప్పరాదు?"

"ఆయనకు చెప్తె నాకంటె ముందు ఆయన పోతడు. నువ్వైతె పని రాని మెకానిక్‌వు, మర్దీ. నిన్నంటె ఊరికి కొత్తేం కాదు."

గంగాకిషన్ పానా అందుకుని పట్టీ విప్పాడు. అరచేతిలో అది బరువే లేదు. బయట ముత్తెన్న గొంతు వినిపించింది. 'దొరికింది' అనాలని నాలుక గుంజింది. అంతకంటే తియ్యని మాట ఆయన బతుకులో అనలేదు. నీలవ్వ కళ్లు మూసుకుంది.

పాత ఇంజన్‌ను ఛాతీకి ఆనించుకుని, పట్టీని మళ్లీ దానికే బిగించాడు.

"నాతోని కాదు, అన్నా."

ముత్తెన్న ఆయన మొహమూ, చొక్కా మీద అరచేతంత నల్ల మరకా చూశాడు. మాక్లూర్ నుంచి ఎవరూ రాలేదు. స్టీరింగ్ ముందు కూలబడి, ఊరికే తాళంచెవి తిప్పాడు. మూలన ఇంజన్ లేచింది. నీలవ్వ నిద్రపోయింది.

ఆ సీజన్లో ముత్తెన్న ఆ సీటు దిగింది తక్కువ. యార్డులో పసుపు కుప్పలు తరగకముందే, ఆ చప్పుడులోనే ఆమె పోయింది. ఆమె పోయిన క్షణంలో ఇంజన్ తనంతట తానే ఆగింది. మళ్లీ ఎంత తిప్పినా లేవలేదు.

దినాలు అయ్యాక గంగాకిషన్ పట్టీ తెచ్చి డీజిల్ ఇంజన్‌కు బిగించాడు. తిప్పగానే బండి లేచింది. ముత్తెన్న వంగి ఆ పట్టీని చాలాసేపు చూశాడు.

"గింతేనా?"

"గింతే."

ముత్తెన్న బానెట్ మూశాడు. జక్రాన్‌పల్లి కిరాయికి వెళ్లిపోయాడు.

ఇంజన్ దించేముందు పట్టీ విప్పి పక్కన పెట్టుకోవాలని గంగాకిషన్ నేర్చుకున్నాడు. ఆ మరక ఏ సబ్బుకూ పోదని కూడా నేర్చుకున్నాడు. ఆ రోజు పట్టీ ఎటు బిగించాల్సి ఉండెనో మాత్రం ఆయనకు ఇప్పటికీ తెలియదు.